ఇంటిపని మధ్యలో కుట్టుపని: మధ్యమధ్యలో లేస్తూ కూడా జాకెట్టు చెడకుండా కుట్టడం ఎలా?

"టైలరింగు నేర్చుకున్నాను, మిషన్ కొనుక్కున్నాను. కానీ ఇంటిపనితో ఒక్క జాకెట్టు పది రోజులైనా తేలట్లేదు. ఏటి చెయ్యాలి?" విజయనగరం, శ్రీకాకుళం వైపు ఇంట్లో మిషన్ ఉన్న ఆడవాళ్లు ఎక్కడ కలిసినా అడిగేది ఇదే. పెళ్లిలో పక్కన కూర్చున్నావిడ అడుగుతుంది, బస్సులో పక్క సీటు అమ్మాయి అడుగుతుంది. అందరికీ పనికొచ్చేలా మొత్తం ఒకచోట రాస్తున్నాను.

చాలామంది "మూడు గంటలు ఖాళీ దొరికినప్పుడు కూర్చుంటాను" అని ఎదురుచూస్తారు. చిన్నపిల్లలు, పెద్దవాళ్లు, కుళాయి టైము, బడి టైము ఉన్న ఇంట్లో మూడు గంటలు ఒక్కసారిగా దొరకవు. అరగంట దొరుకుతుంది, అదృష్టం బాగుంటే ముప్పావుగంట. కాబట్టి పనిలో ఎక్కడ లేవొచ్చో, ఎక్కడ లేవకూడదో ముందే తెలుసుకుని దాని ప్రకారం ముక్కలు చేసుకోవాలి. కింద రాసిన పద్ధతి అంతా ఇదే. ఉదాహరణకి లైనింగు జాకెట్టు తీసుకున్నాను. గౌనైనా పంజాబీ డ్రెస్సైనా పద్ధతి మారదు.

కావలసినవి

మిషన్, టేపు, చాక్, స్కేలు ఎలాగూ ఉంటాయి. మధ్యలో లేచి వెళ్లేవాళ్లకి అదనంగా ఇవి కావాలి:

- ఒక్కో బట్టకి ఒక్కో కవరు. చీరలు కొన్నప్పుడు వచ్చే జిప్పు కవర్లు చాలు, కొత్తవి కొనక్కర్లేదు.
- చీటీలకి పాత క్యాలెండరు కాగితాలు, ఒక నోటుబుక్కు, పెన్ను.
- బాబిన్లు (కింది దారం చుట్టే చిన్న చక్రాలు) ఆరు. ఒక్క బాబిన్‌తో నెట్టుకొచ్చేవాళ్లకి సగం టైము దారం విప్పి చుట్టడానికే పోతుంది.
- సూదులు 11, 14, 16 నంబర్లవి. పల్చటి పట్టుకి 11, మామూలు కాటన్‌కి 14, జీన్సు లాంటి మందం బట్టకి 16.
- బట్టకి మాత్రమే వాడే కత్తెర. దానితో కాగితం, పాల ప్యాకెట్టు కత్తిరిస్తే పదును పోతుంది. వంటింట్లోకి వేరే కత్తెర కొనిపెట్టండి.
- చిన్న అయస్కాంతం. కిందపడిన గుండుసూదులు ఏరడానికి.
- చేతులు తుడుచుకోవడానికి మిషన్ దగ్గరే ఉండే తువ్వాలు. వంటింటి గుడ్డ కాదు.
- ఆది జాకెట్టు. అంటే కొలతలు తీసుకోవడానికి పెట్టుకునే జాకెట్టు. ఒంటికి సరిగ్గా పట్టేది, కనీసం ఒకసారి ఉతికింది అయి ఉండాలి. ఉతకని కొత్త జాకెట్టు ఆదిగా తీసుకుంటే, తరవాత అది కుంచించుకుపోయి మీ కొలత తప్పని మాట వస్తుంది.

1. పనిని మూడు రకాలుగా విడదీయండి

లేవకూడని పని: కొలత తీయడం, గీతలు గీయడం, కత్తిరించడం, మెడ తిప్పడం, చేతులు ఎక్కించడం.

మధ్యలో లేవగలిగిన పని: డాట్లు (ఒంటి వంపు కోసం వేసే మడత కుట్లు), లైనింగు జత చేయడం, షేపు పట్టీ (ముందు భాగాల కింద అతికే పట్టీ), హుక్కు పట్టీ, భుజాలు కలపడం, పక్క కుట్లు, లంగా మడతలు.

మిషన్‌తో పనిలేనివి: హెమ్మింగు (అంచు మడిచి చేత్తో కుట్టడం), హుక్కులు, కాజాలు, చీరకి ఫాలు చేతికుట్టు, దారాలు కత్తిరించడం, తప్పు కుట్లు విప్పడం.

ఈ మూడూ నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకోండి. అరగంట దొరికినప్పుడు "ఇప్పుడేం చేద్దాం" అని ఆలోచిస్తూ పది నిమిషాలు పోగొట్టుకోకుండా, ఏ టైముకి ఏ రకం పని సరిపోతుందో చూసి తీసుకోవచ్చు.

2. మీ ఇంట్లో ఏ టైము ఎలా ఉంటుందో రాసుకోండి

వారం రోజులు గమనించండి, చాలు. చాలా ఇళ్లలో తెల్లవారుజామున ఐదు గంటలకి ఒక ముప్పావుగంట ఎవరూ పిలవరు. పిల్లలు బడికి వెళ్లి, కూరలు దించేశాక పదకొండుకి ఒక అరగంట దొరుకుతుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇంట్లో పెద్దవాళ్లు నడుం వాల్చే టైము ఒకటి. సాయంత్రం పిల్లలు హోంవర్కు చేసుకునే గంట ఉంటుంది గానీ అందులో మీ బుర్ర సగం వాళ్ల మీదే ఉంటుంది.

లేవకూడని పనులన్నీ తెల్లవారుజాముకి ఇవ్వండి. దీనికి ఇంకో కారణం కూడా ఉంది. మన వైపు ఏప్రిల్, మే నెలల్లో ఉక్కపోతకి ఫ్యాను లేకుండా కూర్చోలేం. ఫ్యాను వేస్తే పల్చటి బట్ట నేలమీద నిలవదు, ఎగిరిన బట్ట మీద గీత వంకరపోతుంది. తెల్లవారుజామున చల్లగా ఉంటుంది, ఫ్యాను ఆపేసి కత్తిరించుకోవచ్చు. పట్టు మీద చెమట చేతి మరకలూ పడవు. ఆ టైముకి లేవలేనివాళ్లు ఫ్యాను కింద బట్ట నాలుగు మూలలా బరువైన పుస్తకాలు పెట్టి కత్తిరించండి.

మిగతా మిషన్ పని పదకొండుకో మధ్యాహ్నానికో పెట్టుకోండి. నలుపు, నేవీ బ్లూ బట్టలు పగటి వెలుగులోనే కుట్టాలి. కిటికీ ఎడమవైపు ఉంటే కుడిచేతి నీడ కుట్టు మీద పడదు. సాయంత్రం హోంవర్కు గంట మొత్తం చేతిపనికే.

పసిబిడ్డ ఉన్న ఇంట్లో తెల్లవారుజాము కూడా మీ చేతిలో ఉండదు. అలాంటప్పుడు కత్తిరింపు ఆదివారానికి ఉంచుకోండి. ఇంట్లో ఇంకొకరు బిడ్డని ఎత్తుకునే గంటలో రెండు మూడు బట్టలు ఒకేసారి కత్తిరించి కవర్లలో పెట్టేస్తే వారమంతా ముక్కలు ముక్కలుగా కుట్టుకోవచ్చు.

3. ముందురోజే తడిపి ఆరేయండి

కాటన్ లైనింగు, జాకెట్లకి వాడే టూ బై టూ రూబియా కాటన్, చీర ఫాలు మొదటిసారి తడిస్తే కుంచించుకుపోతాయి. తడపకుండా కుట్టిన లైనింగు మొదటి ఉతుకుకే బిగుసుకుని పైబట్టని ముడతలు పడేలా లాగుతుంది. ఫాలు అయితే చీర అంచుని పైకి లాగేస్తుంది. రాత్రి గిన్నెలు తోమాక బకెట్టు నీళ్లలో నానబెట్టి, పొద్దున్న బట్టలతో పాటు తీగ మీద వేసి, కొంచెం తేమ ఉండగానే ఇస్త్రీ చేసి మడత పెట్టండి. విడిగా టైము కేటాయించక్కర్లేదు, రోజూ చేసే పనిలో కలిసిపోతుంది.

హెచ్చరిక: ముదురు రంగులు విడిగా తడపండి. పట్టు, టిష్యూ, జరీ ముక్కలు తడపొద్దు. పాలిస్టరుకి తడపాల్సిన పనే లేదు.

పొందూరు ఖద్దరు తెచ్చుకుని మామగారికో నాన్నగారికో చొక్కా కుడుతుంటే రాత్రంతా నానబెట్టండి. చేత్తో వడికిన నూలు కాబట్టి నేత కొంచెం కుదుటపడుతుంది. సన్న ఖద్దరు అంచులు తొందరగా దారాలు ఊడతాయి. కత్తిరించి రోజుల తరబడి కవరులో ఉంచకుండా అంచులకి వెంటనే జిగ్‌జాగ్ వేయించండి, లేదా కుట్టుకోసం అరంగుళం బదులు ముప్పావు అంగుళం వదలండి.

4. కొలత, కత్తిరింపు: ఈ ముప్పావుగంట ఎవరికీ ఇవ్వకండి

పొయ్యి మీద ఏమీ పెట్టకుండా కూర్చోండి. పాలు కూడా వద్దు. గీత గీస్తూ గీస్తూ లేచి వెళ్లి వచ్చాక, కుట్టుకోసం వదిలే బట్ట కలిపామో లేదో గుర్తుండదు. అక్కడే రెండోసారి కలిపేస్తాం, లేకపోతే అసలు కలపం. తప్పనిసరిగా లేవాల్సి వస్తే చివరిగా రాసిన కొలత కింద గీత గీసి లేవండి. కత్తెర మాత్రం బట్ట మీద వదలొద్దు, పైన పెట్టి వెళ్లండి.

వరస ఇలా పెట్టుకోండి:

అంచు ఉన్న జాకెట్టు ముక్క అయితే ముందు చేతులు తియ్యండి, అంచు అక్కడికే కావాలి. తరవాత వెనక భాగం, తరవాత రెండు ముందు భాగాలు, మిగిలినదాంట్లో పట్టీలు, పైపింగుకి (మెడ అంచు చుట్టూ వేసే సన్న పట్టీకి) క్రాసు పట్టీ, అంటే ఏటవాలుగా కోసిన పట్టీ. చీరతో వచ్చే ముక్క సాధారణంగా 80 సెంటీమీటర్లే ఉంటుంది. క్రాసు పట్టీ సంగతి ముందే ఆలోచించకపోతే చివరికి పైపింగుకి బట్ట మిగలదు.

అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు రెండు చేతులూ ఒకే వైపువి రావడం. బట్ట చాలక ఒక్కో చెయ్యి విడివిడిగా కత్తిరించినప్పుడు ఇది జరుగుతుంది. రెండో చెయ్యి కత్తిరించే ముందు మొదటిదాన్ని తిరగేసి పరచండి. రెండూ పక్కపక్కన పెడితే చంక లోతుగా ఉన్న వైపులు ఒకదానికొకటి ఎదురుగా రావాలి. ఆ లోతు వైపు లోపలి భాగంలో చాక్‌తో "ము" అని రాయండి. మూడు రోజుల తరవాత చెయ్యి ఎక్కించేటప్పుడు ఏది ముందువైపో వెతుక్కోవాల్సిన పని ఉండదు.

ఇంకొక మాట, మధ్యమధ్యలో లేస్తూ కుట్టేవాళ్లందరికీ: మెడ ఇప్పుడే కత్తిరించొద్దు. గీత మాత్రం గీసి ఉంచండి. మెడ వంపు బట్టకి క్రాసుగా వస్తుంది కాబట్టి కత్తిరించి వదిలేస్తే మడతపెట్టినప్పుడు, తీసినప్పుడు, పిల్లలు లాగినప్పుడు సాగిపోతుంది. ఒకే పూటలో కుట్టే టైలరుకి ఆ బాధ లేదు. మీ జాకెట్టు వారం కవరులో ఉంటుంది. లైనింగు, పైబట్ట కలిపి మెడ గీత మీద కుట్టు వేసిన తరవాతే కత్తిరించి తిప్పుకోండి. ఇప్పటికే కత్తిరించేసి ఉంటే అంచుకి పావు అంగుళం లోపల ఒక వరస కుట్టు వేసి అప్పుడు పక్కన పెట్టండి.

5. ఒక్కో కూర్చోవడానికి ఒక్కో జత

చెయ్యి తిరిగినవాళ్లకి లైనింగు జాకెట్టు మిషన్ పని రెండు మూడు గంటలు. కొత్తవాళ్లకి ఐదారు గంటలు పడుతుంది, కంగారుపడకండి. దాన్ని ఇలా విడగొట్టండి:

మొదటిసారి: లైనింగు, పైబట్ట జత చేసి, రెండు ముందు భాగాల డాట్లు.
రెండోసారి: షేపు పట్టీలు, హుక్కు పట్టీ, కాజా పట్టీ.
మూడోసారి: వెనక డాట్లు, వెనక మెడ, నడుం పట్టీ.
నాలుగోసారి: భుజాలు కలపడం, ముందు మెడ, పైపింగు.
ఐదోసారి: రెండు చేతులు ఎక్కించి, పక్క కుట్లు.

దీనిలో ఒక్క నియమం తప్పొద్దు. జతగా ఉన్నది జతగానే ముగించండి. కుడి డాటు ఇవాళ, ఎడమ డాటు ఎల్లుండి కుడితే రెండూ ఒకలా రావు. చెయ్యి ఒత్తిడి మారుతుంది, గీత మీద కుట్టామా పక్కన కుట్టామా అన్నది మర్చిపోతాం. టైము పావుగంటే ఉంటే కుడి ఒక్కటీ మొదలుపెట్టకండి, ఆ పావుగంటకి బాబిన్లు చుట్టుకోండి.

కూర్చున్న ప్రతిసారీ ముందు చెత్తగుడ్డ మీద మూడంగుళాలు కుట్టి చూడండి. మధ్యలో పిల్లలెవరో టెన్షన్ మర (దారం బిగువు మార్చేది) తిప్పి ఉండొచ్చు, మీకు తెలియదు. కింద దారం ఉండలు కడితే లోపం చాలాసార్లు పైదారంలో ఉంటుంది. ఫుట్ (బట్టని నొక్కి పట్టే పాదం) పైకెత్తి దారం మొత్తం తీసి మళ్లీ ఎక్కించండి, సగం సార్లు అక్కడే సరిపోతుంది. కింద దారం పైకి చుక్కలుగా కనిపిస్తే పైదారం బిగువు తగ్గించండి. కుట్లు తప్పిపోతుంటే సూది వంగింది, మార్చండి. సూది చౌక, బట్ట చౌక కాదు.

కుడుతూ ఉండగా కుక్కరు విజిల్ వేసినా, గుమ్మంలో ఎవరైనా పిలిచినా బట్ట లాగేసి లేవకండి. చక్రం తిప్పి సూదిని బట్టలోకి దించి, ఫుట్ కూడా దించే ఉంచి వెళ్లండి. వచ్చాక అక్కడినుంచే కుట్టు సాగుతుంది, అతుకు కనబడదు. మోటారు మిషన్ అయితే స్విచ్ ఆపి లేవండి.

6. ఆపడం

నా లెక్కలో కుట్టడం కంటే సరిగ్గా ఆపడమే ముందు నేర్చుకోవాలి. కేటాయించుకున్న టైములో చివరి ఐదు నిమిషాలు దీనికే ఉంచండి.

కుట్టు చివరికి వచ్చాకే ఆపండి, మధ్యలో వద్దు. ముక్కలన్నీ లెక్కపెట్టి కవరులో పెట్టండి. వాటితోపాటు అదే రంగు దారం ఉండ, చుట్టిన బాబిన్, హుక్కులు, ఆది జాకెట్టు కూడా ఆ కవరులోనే ఉండాలి. పైన చీటీ మీద మూడు విషయాలు రాయండి: ఎంతవరకు అయింది, తరవాత ఏం చెయ్యాలి, ఏ సూది. "షేపు పట్టీలు అయ్యాయి. వెనక డాట్లు వెయ్యాలి. 14 సూది" అంటే చాలు. నాలుగు రోజుల తరవాత తీసినా బుర్ర పెట్టకుండా మొదలుపెట్టొచ్చు.

సగం కుట్టిన బట్టని మేకుకి తగిలించొద్దు, బరువుకి భుజాలు, మెడ సాగుతాయి. మిషన్ మీద వదిలెయ్యొద్దు. బొద్దింకలకి, పసుపు చేతులకి అదే మొదట దొరుకుతుంది.

ఇంట్లో చిన్నపిల్లలుంటే ఇవి ప్రతిరోజూ: గుండుసూదులు పెట్టినన్ని తిరిగి వచ్చాయో లేదో లెక్క. నేల మీద ఒకసారి అయస్కాంతం తిప్పడం. కాలి మిషన్ అయితే చక్రం బెల్టు తప్పించడం, అప్పుడు పిల్లలు పెడలు తొక్కినా సూది కదలదు. మోటారు మిషన్ అయితే ప్లగ్గు పీకెయ్యడం. కుడుతుండగా సూది విరిగితే రెండు ముక్కలూ దొరికేదాకా లేవొద్దు, బట్టలో ఇరుక్కున్న మొన ఎవరి ఒంటికో గుచ్చుకుంటుంది.

మిషన్‌కి మూత వెయ్యండి. కళింగపట్నం, భావనపాడు వైపు సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పుగాలికి ఇనుము తొందరగా తుప్పు పడుతుంది. రోజూ కుట్టేవాళ్లు వారానికోసారి మిషన్ ఆయిల్ వెయ్యాలి. కొబ్బరినూనె వెయ్యకండి, అది పేరుకుని మరలు పట్టేస్తాయి. ఆయిల్ వేసిన రోజు ముందు చెత్తగుడ్డ మీద మరకలు రావడం ఆగేదాకా తొక్కి, ఆ తరవాతే మంచి బట్ట పెట్టండి.

7. ఇంట్లోవాళ్లతో ముందే మాట్లాడుకోండి

చెప్పకుండా మొదలుపెడితే "ఎప్పుడు చూడు ఆ మిషనేనా" అన్న మాట వస్తుంది. చెప్పి మొదలుపెడితే రాదని కాదు, తక్కువ వస్తుంది. "అత్తయ్యా, మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా మిషన్ మీద ఉంటాను, మూడు కాగానే టీ పెడతాను" అని గంట చెప్పండి. ఆ మూడింటికి నిజంగానే లేవండి, ఇంకో కుట్టు మొదలుపెట్టాలనిపించినా సరే. రెండు వారాలు మీరు మాట నిలబెట్టుకుంటే ఆ గంట మీదని ఇంట్లో అందరూ ఒప్పుకుంటారు.

పని పంచండి కూడా. పదేళ్ల పిల్లకి బాబిన్ చుట్టడం, హుక్కులు జతలుగా విడదీయడం ఇష్టంగా ఉంటుంది. చాలామంది పెద్దవాళ్లకి హెమ్మింగు మీకంటే బాగా వస్తుంది. సూదిలో దారం ఎక్కించి ఇస్తే చూపు ఆనకపోయినా కూర్చుని చేస్తారు. ఒక సూది ఎందుకు, పొద్దున్నే ఐదారు సూదుల్లో దారాలు ఎక్కించి పెట్టండి. ఆయన టౌనుకి వెళ్తుంటే దారాలు తెమ్మనండి. కానీ చేతికి బట్ట ముక్క కోసి ఇవ్వండి. "మెరూను" అని చెప్పి పంపితే ఏ మెరూను వస్తుందో చెప్పలేం.

రంగు కలపడం పగటి వెలుగులోనే. విజయనగరంలో గంటస్తంభం దగ్గర కొన్నా, శ్రీకాకుళం జీటీ రోడ్డులో కొన్నా దుకాణం ట్యూబులైటు కింద నమ్మకుండా గుమ్మం బయటికి తెచ్చి బట్ట పక్కన దారం పెట్టి చూడండి. పల్లెటూరి నుంచి టౌనుకి రావాల్సినవాళ్లు అన్ని కవర్లలో ఏం లోటుందో నోటుబుక్కులో రాసుకుని వారానికి ఒక్కసారే వెళ్లండి. ఒక్క గుండీ కోసం బస్సెక్కితే పూట పోతుంది.

8. "ఒక్క కుట్టే కదా" అన్నవాళ్లకి

ఇంట్లో మిషన్ ఉందని తెలిస్తే వీధంతా వస్తారు. "అప్పా, ఈ చీరకి ఫాలు వెయ్యవా", "వదినా, ప్యాంటు కింద ఒక్క కుట్టు". ఒక్కొక్కటీ పది నిమిషాలే, కానీ దారం మార్చడం, సూది మార్చడం, చేతిలో ఉన్న పని పక్కన పెట్టడం కలిపితే అరగంట. కాదనక్కర్లేదు. ఒక బుట్ట పెట్టి, వారంలో ఒక రోజు చిన్నపనులకని చెప్పండి. శనివారం అనుకోండి. ఆ రోజు ముందు నల్లదారం పనులన్నీ, తరవాత తెల్లదారం పనులన్నీ. దారం ఒక్కసారి మారిస్తే సరిపోతుంది.

బయటి జాకెట్లు ఒప్పుకునేటప్పుడు నోటుబుక్కులో రాసుకోండి: ఎవరిది, ఆది ఇచ్చారా, మెడ లోతు మార్పులేమైనా చెప్పారా, లైనింగు ఎవరు కొనాలి, ఎప్పటికి కావాలి. మీరు అనుకున్న రోజుకి మూడు రోజులు కలిపి చెప్పండి. పిల్లకి జ్వరమొచ్చినా, కరెంటు పోయినా ఆ మూడు రోజులు కాపాడతాయి. డబ్బు మాట బట్ట తీసుకునేటప్పుడే అయిపోవాలి, దగ్గరివాళ్లయినా సరే. కుట్టాక అడగాలంటే మొహమాటం, అడగకపోతే లోపల బాధ.

9. పండగలకి లెక్క

విజయనగరంలో దసరా తరవాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను, ముందురోజు సోమవారం తొలేళ్లు. ఇంటికి చుట్టాలు వస్తారు, వంటపని రెట్టింపు అవుతుంది. ఊళ్లో ప్రతి ఆడపడుచుకీ కొత్త జాకెట్టు అప్పుడే కావాలి. దసరాకి నెల ముందు బయటివాళ్ల బట్టలు ఒప్పుకోవడం మొదలుపెట్టండి, పది రోజుల ముందు ఆపేయండి. ఆ పది రోజులు మీ ఇంటివాళ్ల బట్టలకీ మిగిలిపోయిన చేతిపనికీ. సంక్రాంతికీ అంతే. మన వైపు అది పెద్దపండగ, భోగి నాటికి మిషన్ మీద బట్ట ఉండకూడదు. జనవరి మొదటివారం తరవాత ఎవరొచ్చినా "పండగయ్యాక" అనండి.

జూన్‌లో బడులు తెరిచేటప్పుడు యూనిఫారాలు ఒక్కసారిగా వస్తాయి. ఒకే రంగు, ఒకే రకం కాబట్టి ముందు అన్నీ కత్తిరించి, తరవాత అన్నిటి జేబులు, తరవాత అన్నిటి పక్కలు అలా కుట్టండి. ప్రతి ముక్కకీ పిల్లపేరు చీటీ గుచ్చండి. పెళ్లిళ్లు లేని ఆషాఢంలో మిషన్ రిపేరు, కత్తెర సాన పెట్టించడం పూర్తిచేసుకోండి.

అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. మిషన్‌కి మోటారు బిగించుకున్నా కాలి స్టాండు, బెల్టు తీసి పారెయ్యకండి. కరెంటు లేని పూట బెల్టు ఎక్కించుకుంటే పగటి వెలుగులో పని సాగుతుంది. వాన ముసురులో కవర్లన్నీ నేలమీంచి తీసి పైకి సర్దండి.

ఎక్కువగా జరిగే తప్పులు

నాలుగైదు బట్టలు ఒకేసారి మొదలుపెట్టి దేన్నీ ముగించకపోవడం. కత్తిరించినవి ఎన్నున్నా పర్వాలేదు, మిషన్ మీద మాత్రం రెండుకి మించొద్దు.

నిద్ర ఆపుకుంటూ రాత్రి పదకొండుకి కత్తెర పట్టడం. ఆ టైములో కుట్టు తప్పితే విప్పుకోవచ్చు, కత్తిరింపు తప్పితే బట్ట పోయినట్టే. రాత్రికి హుక్కులు చాలు.

ఆవకాయ పెట్టే రోజుల్లో తెల్లబట్ట, పట్టు ముట్టుకోవడం. చేతులు ఎంత కడిగినా గోళ్ల సందుల్లో నూనె, కారం ఉంటాయి.

చేతిపని అంతా చివరికి వదిలేసి మిషన్ పని కాగానే "అయిపోయింది" అనుకోవడం. ఒక జాకెట్టుకి హెమ్మింగు, హుక్కులు, కాజాలు కలిపి గంట పైనే పడుతుంది. దానికీ టైము రాసుకోవాలి.

పక్కల్లో బట్ట వదలకపోవడం. రెండు పక్కలా లోపల ఒక అంగుళం ఉంచితే ఒళ్లు వచ్చినా విప్పి వదులు చేసుకోవచ్చు.

సరిచూసుకోవడం

హుక్కులు కుట్టకముందే చూడండి, తరవాత కాదు. ముందు ఇస్త్రీ చెయ్యండి. ముడతల మీద కొలిస్తే ఏ కొలతా నిజం చెప్పదు.

జాకెట్టుని నిలువుగా సగానికి మడవండి. రెండు భుజాల వెడల్పు, రెండు వైపుల మెడ వంపు, రెండు డాట్ల మొనలు ఒకదాని మీద ఒకటి పడాలి. పావు అంగుళం తేడా వరకు ఒంటి మీద తెలియదు, అంతకు మించితే విప్పండి. ఆది జాకెట్టు మీద పరిచి చంక నుంచి చంకకి, నడుం దగ్గర, చేతి లూజు దగ్గర చూడండి. ముందు పట్టీలు రెండూ కలిపి పట్టుకుంటే కింద అంచులు సమానంగా ఉండాలి. చాలా జాకెట్లు ఇక్కడే ఒక వైపు దిగి ఉంటాయి.

తిరగేసి ప్రతి కుట్టునీ రెండు చేతులతో కొంచెం లాగండి. మధ్యలో దారాలు పళ్లలా విడిగా కనిపిస్తే బిగువు చాల్లేదు, దాని మీదే ఇంకో వరస వెయ్యండి. బాబిన్ దారం మధ్యలో అయిపోయి గమనించక కుట్టిన చోట్లు కూడా ఇప్పుడే బయటపడతాయి.

తరవాత గుండుసూదులతో ముందు మూసి వేసుకుని చేతులు పైకెత్తండి. కింద అంచు బాగా పైకి లేస్తే చంక లోతు ఎక్కువైంది. భుజం జారితే మెడ సాగింది. కూర్చుని, వంగి, చీపురు పట్టినట్టు కూడా చూడండి. ఇంట్లో వేసుకునే జాకెట్టు నిలబడి అద్దంలో చూసుకోవడానికి కాదు కదా.

నెలల కిందట వదిలేసిన కవరు ఉంటే

కుట్టడం మొదలుపెట్టకండి. ముక్కలన్నీ పరిచి అన్నీ ఉన్నాయా చూడండి. గీతలు చెరిగిపోయి ఉంటే ఆదితో కొలిచి మళ్లీ గీయండి. కత్తిరించిన మెడ ఉంటే వెనక మెడని సగానికి మడిచి సాగిందేమో చూడండి, సాగితే పైపింగు పట్టీని కొంచెం లాగి కుడితే సర్దుకుంటుంది. మడతల్లో మచ్చలుంటే కుట్టకముందే ఉతకండి. పిల్లల గౌను అయితే కచ్చితంగా పిల్లని మళ్లీ కొలవండి. పొడవు చాలకపోతే కింద ఫ్రిల్లు వెయ్యొచ్చు, ఛాతీ చాలకపోతే పక్కల్లో వదిలిన అంగుళం తీయొచ్చు. రెండూ చాలకపోతే చెల్లెలికి కుట్టేయండి.